ల్యాబ్ రిపోర్టులన్నీ పాస్, అయినా ఫుడ్ సేఫ్టీ ప్లాన్ అడుగుతున్నారు. చిన్న వంటశాల ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపొయ్యి
అందరికీ నమస్కారమండి. మాది చిన్న వంటశాల. తెల్లవారుజామున వండి మధ్యాహ్నానికి ఆఫీసులకు భోజనాలు పంపిస్తాం. కొన్ని వంటలు మాత్రం ముందు రోజు సాయంత్రమే చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే వేడిచేసి సర్దుతాం. ఇప్పుడు ఒక పెద్ద సంస్థ మా దగ్గర భోజనం తీసుకోవడానికి ముందుకొచ్చింది. ఒప్పందం రాసుకునే ముందు మీ ఫుడ్ సేఫ్టీ ప్లాన్ పంపండి అన్నారు.

మా దగ్గరున్నవి ల్యాబ్ రిపోర్టులు. నెలకోసారి శాంపిల్ ఇస్తాం, ఇంతవరకూ అన్నీ పాసే. తెలిసినవాళ్లు ఒక పెద్ద కంపెనీ హాసప్ (HACCP, ఆహారంలో తప్పు ఎక్కడ జరగొచ్చో ముందే గుర్తించి అదుపు చేసే పద్ధతి) ఫైలు తెచ్చిచ్చి, పేరు మార్చి పంపెయ్యమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అందులో సగం మా దగ్గర లేని మెషీన్ల గురించే ఉంది. మేం ఉన్నదే ఆరుగురం, అందులో చదవడం రానివాళ్లూ ఉన్నారు. ఇంత చిన్న చోట నిజంగా పనికొచ్చే ప్లాన్ ఎలా ఉంటుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం
నేనైతే ఆ ఫైలే కొంచెం సరిచేసి పంపిస్తానండి. మనలాంటివాళ్లకి మిగిలేదే అంతంతమాత్రం. ఆర్డరు చేతికొచ్చాక ఒక్కొక్కటీ బాగుచేసుకోవచ్చు. మీ ల్యాబ్ రిపోర్టులు శుభ్రంగా ఉన్నాయంటే మీ తిండి శుభ్రంగా ఉన్నట్టే కదా, ఇంకా రుజువు చేసేదేముంది? పోయిన ఆర్డరు మళ్లీ రాదు. ఇది నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

పాతఆడిటర్
లెక్కలపుస్తకం గారు, మీ ఇబ్బంది తెలుసు. కానీ చాలాకాలం ఆడిట్లు చేసినవాడిగా చెబుతున్నాను, ఆ ఫైలు మొదటి అరగంటలోనే దొరికిపోతుంది. ఆడిటరు చేసే మొదటి పని ఫైలు చదవడం కాదు. వంటగదిలోకి వెళ్లి, గిన్నెలు కడుగుతున్న మనిషిని "ఈ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉండాలమ్మా? దానికంటే వేడెక్కితే ఏం చేస్తారు?" అని అడుగుతాడు. ఆ మనిషి చెప్పేదే మీ అసలు ప్లాన్. ఫైల్లో ఉన్నదీ ఆ మనిషి చెప్పిందీ కలవకపోతే ఇక మిగతా కాగితాలేవీ నమ్మడు.

ఫ్రిజ్ మీద అంటించే ఉష్ణోగ్రత కాగితం చూడండి. నెలంతా 4, 4, 4, 4 అని ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో, సెలవు రోజు కూడా. నిజంగా వాడే ఫ్రిజ్ అలా ఉండదు. తలుపు తీసి సరుకు సర్దినప్పుడు 7కో 8కో పోతుంది, మళ్లీ దిగుతుంది. ఎక్కువ తక్కువలున్న కాగితాన్ని చూస్తే ఆడిటర్‌కి నమ్మకం కలుగుతుంది, "8 ఉంది, తలుపు రబ్బరు వదులైంది, సరుకు పక్క ఫ్రిజ్‌లోకి మార్చాం" అని పక్కన రాసుంటే ఇంకా ఎక్కువ.

కొత్తపొయ్యి గారూ, మీరు అరువు ఫైలు పంపొద్దు. రెండు పేజీల్లో మీ వంటశాల గురించి మీరే రాసింది పంపండి. ఏం రాయాలో తర్వాత చెబుతాను, ముందు ల్యాబ్ సంగతి ఎవరైనా చెబితే బాగుంటుంది.

సూక్ష్మదర్శిని
ల్యాబ్‌లో పనిచేసేది నేనే కాబట్టి చెబుతాను. మా రిపోర్టు మాకు ఇచ్చిన ఆ కొద్ది గ్రాముల గురించి మాత్రమే చెబుతుంది. దాని పక్క పొట్లం గురించి కూడా చెప్పదు.

లెక్క వేసి చూడండి. ఒక పెద్ద బ్యాచ్‌లో నూటికి ఒక పొట్లం కలుషితమైంది అనుకుందాం. అందులోంచి 5 పొట్లాలు తీసి పరీక్షిస్తే చెడ్డది చేతికి చిక్కే అవకాశం 5 శాతం లోపే. 60 తీసి పరీక్షించినా 45 శాతమే. 95 శాతం ధీమా కావాలంటే 300 దాకా పొట్లాలు పరీక్షించాలి. మీరు నెలకు ఒకటి ఇస్తున్నారు. పైగా సూక్ష్మజీవుల పరీక్షలు చాలావాటికి రోజులు పడతాయి. మా రిపోర్టు మీ చేతికొచ్చేసరికి ఆ భోజనం ఎప్పుడో తినేసి ఉంటారు.

హాసప్ పుట్టిందే ఈ లెక్క వల్ల. 1960లలో అంతరిక్ష యాత్రికుల ఆహారం తయారుచెయ్యడానికి పిల్స్‌బరీ కంపెనీ, నాసా, అమెరికా సైన్యానికి చెందిన నేటిక్ పరిశోధనశాలలు కలిసి కూర్చున్నాయి. తయారైనదాన్ని పరీక్షించి "ఇది సురక్షితం" అని తేల్చాలంటే తయారైనదాంట్లో ఎక్కువ భాగం పరీక్షలకే సరిపోతుందని వాళ్లకు అర్థమైంది. అందుకే చివర్లో వెతకడం కాకుండా, తప్పు ఎక్కడ జరగొచ్చో ముందే గుర్తించి అక్కడ కాపలా పెట్టడం మొదలుపెట్టారు. 

ల్యాబ్ అక్కర్లేదని కాదు. కడిగిన బల్లల మీద స్వాబ్ (దూది పుల్లతో తుడిచి తీసే నమూనా) తీసి కడగడం సరిగ్గా జరుగుతోందా అని చూడ్డానికి, నీళ్లు బాగున్నాయా అని చూడ్డానికి, ఎన్నాళ్లు నిలవ ఉంటుందో తేల్చడానికి ల్యాబ్ కావాలి. అంటే కాపలా పనిచేస్తోందా అని అప్పుడప్పుడు సరిచూసుకోవడానికి. కాపలా మాత్రం మీ వంటగదిలోనే ఉండాలి.

కొత్తపొయ్యి గారు రాసినదాంట్లో నా కన్ను ఆగింది ఒక్క దగ్గరే. ముందు రోజు సాయంత్రం వండినదాన్ని ఎంతసేపట్లో, ఎలా చల్లార్చుతున్నారు? ఏ గిన్నెలో?

కొత్తపొయ్యి
పెద్ద స్టీలు గిన్నెల్లోనే అండి, వండినవాటిలోనే. 30, 40 లీటర్లవి. కాస్త ఆవిరి తగ్గాక మూతపెట్టి నిలువు ఫ్రిజ్‌లో పెడతాం. పొద్దున బాగా మరిగించాకే సర్దుతాం, అందులో మాత్రం రాజీ లేదు. మళ్లీ మరిగిస్తున్నాం కాబట్టి ఏమున్నా చచ్చిపోతుందనే ధైర్యం.

చల్లనిగది
ఫ్రిజ్‌లూ కోల్డ్ రూములూ రిపేరు చేసేవాణ్ణి. ఇలాంటి చోట్లకే నన్ను ఎక్కువగా పిలుస్తారు, "ఫ్రిజ్ చల్లబడట్లేదు" అని. వెళ్లి చూస్తే ఫ్రిజ్‌కి ఏ రోగమూ ఉండదు, లోపల పొగలు కక్కే గిన్నె ఉంటుంది.

మామూలు నిలువు ఫ్రిజ్ చేసేది చల్లనిదాన్ని చల్లగా ఉంచడం. వేడిదాన్ని చల్లార్చడానికి దాన్ని తయారుచెయ్యలేదు. 40 కిలోల పులుసులాంటి పదార్థం 60 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దిగాలంటే సుమారు 9,200 కిలోజౌళ్ల వేడి బయటికి పోవాలి. మీ ఫ్రిజ్ 500 వాట్ల వేడిని లాగగలదనుకోండి, దాని శక్తి మొత్తం ఆ గిన్నె ఒక్కదానికే పోసినా 5 గంటల పైమాటే. అదీ వేడి గిన్నె మధ్యలోంచి గోడదాకా చకచకా వచ్చేస్తుందనుకుంటే. చిక్కటి పదార్థంలో అది రాదు. అంచున చల్లగా అయిపోయి నడిమధ్యలో గంటలకొద్దీ వెచ్చగా ఉంటుంది. మందం సగం చేస్తే చల్లారే సమయం దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది, అందుకే వెడల్పాటి ట్రేలు వాడమంటారు. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ వేడికి పక్కనున్న పాలు, కోసిన కూరగాయలు, అన్నీ వెచ్చబడతాయి. ఫ్రిజ్ డిస్‌ప్లే మీద కనిపించేది సెన్సరు ఉన్న మూల గాలి ఉష్ణోగ్రత, మీ పదార్థానిది కాదు.

సూక్ష్మదర్శిని
చల్లనిగది గారు సరిగ్గా చెప్పారు. "మళ్లీ మరిగిస్తున్నాం కదా" అన్నదానికి నేను జవాబిస్తాను, ఎందుకంటే ఈ ధీమా దాదాపు ప్రతి వంటగదిలోనూ వింటాను.

బాసిల్లస్ సీరియస్, క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అని రెండు బాక్టీరియాలున్నాయి. మొదటిది అన్నం, నూడుల్స్, పాస్తాలాంటి పిండి పదార్థాల్లో, రెండోది ఎక్కువగా మాంసం కూరల్లో, గ్రేవీల్లో. రెండూ గట్టి పెంకున్న బీజాలుగా మారగలవు. ఆ బీజాలు మరిగే నీళ్లలోనూ బతుకుతాయి. వండేటప్పుడు మిగతా బాక్టీరియా అంతా చస్తుంది, ఇవి పోటీ లేకుండా మిగులుతాయి. గిన్నె నెమ్మదిగా చల్లారుతూ గోరువెచ్చగా అయ్యేసరికి మేలుకుంటాయి. పెర్‌ఫ్రింజెన్స్‌కి 43-45 డిగ్రీల దగ్గర దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపయ్యే సత్తా ఉంది. ఆ వేగంతో 3 గంటలు పెరిగితే ఒక్కటి 2,60,000 దాటుతుంది. మీ పెద్ద గిన్నె నడిమధ్య ఆ వేడిలో ఎంతసేపుంటుందో ఆలోచించండి.

పెర్‌ఫ్రింజెన్స్‌నైతే మళ్లీ బాగా వేడిచేస్తే చంపొచ్చు. కానీ బాసిల్లస్ సీరియస్ అన్నంలో పెరిగేటప్పుడు సెరియులైడ్ అనే విషాన్ని వదులుతుంది. అది 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. బాక్టీరియా చచ్చినా విషం అలాగే ఉంటుంది, తిన్న అరగంట నుంచి 6 గంటల్లోపు వాంతులు. చేతి మీది పుండు నుంచో ముక్కు నుంచో తిండిలో పడే స్టాఫిలోకాకస్ ఆరియస్ విషం కూడా అంతే, మరిగిస్తే పోదు. అందుకని మరిగించడం మానొద్దు, లోపలంతా 74 డిగ్రీలు తగిలేలా చెయ్యండి. కానీ రాత్రి జరిగినదాన్ని పొద్దుటి మంట తుడిచేస్తుందని మాత్రం నమ్మకండి.

ఎంతలో చల్లారాలి అంటే, అమెరికా ఫుడ్ కోడ్ చెప్పే లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో దిగాలి, అక్కణ్ణుంచి 5కి ఇంకో 4 గంటల్లో. మొదటి 2 గంటలే కీలకం, బాక్టీరియా ఉరకలేసేది అప్పుడే.

సీసామూత
చదువుతుంటే ఒక విషయం చెప్పాలనిపించింది. వాసన చూసి, రుచి చూసి "బాగుంది" అని తేల్చడం మన వృత్తిలో అందరికీ అలవాటు. రుచికి, నాణ్యతకి అది కావాలి. కానీ పాడుచేసే సూక్ష్మజీవులు వేరు, జబ్బు తెచ్చేవి వేరు. పులిసిన వాసన, జిగురు, రంగు మారడం పాడుచేసేవాటి పని. జబ్బు తెచ్చేవి చాలాసార్లు ఏ గుర్తూ ఇవ్వవు.

మాది సాసులు, నూనెలో నానబెట్టిన దినుసులు సీసాల్లో పెట్టి అమ్మే వ్యాపారం. ఈ రంగంలో అందరూ తెలుసుకోవాల్సిన సంఘటన ఒకటుంది. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్లో తిన్న 36 మందికి బొట్యులిజం (ఒక బాక్టీరియా విషం వల్ల నరాలు పడిపోయే ప్రాణాంతక జబ్బు) సోకింది. కారణం తరిగిన వెల్లుల్లి నూనెలో వేసిన సీసా. ఫ్రిజ్‌లో పెట్టాల్సినదాన్ని బయటుంచారు. వెల్లుల్లి మట్టిలోంచి వస్తుంది, దానితో బీజాలొస్తాయి. నూనె గాలి తగలనివ్వదు. ఆ బాక్టీరియాకి కావాల్సింది సరిగ్గా అదే, గాలి లేని, పులుపు లేని, తడి ఉన్న చోటు. 

మా దగ్గర ప్రతి బ్యాచ్‌కీ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) కొలుస్తాం. 4.6 కంటే తక్కువుంటే ఆ బొట్యులిజం బాక్టీరియా పెరగలేదు. మేం 4.2 దాటనివ్వం, ఎందుకంటే మీటరు అటూ ఇటూ ఊగొచ్చు, ముక్కల లోపలికి పులుపు ఎక్కడానికి టైము పట్టొచ్చు. మీటర్ని పొద్దున్నే పీహెచ్ ముందే తెలిసిన 4, 7 బఫర్ ద్రావణాలతో సరిచేసుకుని మొదలుపెడతాం. ఒక బ్యాచ్ 4.5 వచ్చిందంటే సీసాల్లోకి పోదు, యాసిడ్ కలిపి మళ్లీ కొలిచేదాకా ఎర్ర ట్యాగుతో పక్కనుంటుంది. చిన్నవాళ్లు వాక్యూమ్ ప్యాకింగ్ మెషీను కొని అదేదో నిలవ పెంచే మంత్రమనుకుంటున్నారు, దయచేసి జాగ్రత్త. గాలి తీసేస్తే బూజు ఆగుతుంది, ప్రమాదం పెరగొచ్చు.

ఇంకో మాట. ఎక్స్‌పైరీ తేదీ పెద్ద కంపెనీ పొట్లం చూసి వెయ్యకండి. వాళ్ల పీహెచ్, వాళ్ల తేమ, వాళ్ల ప్యాకింగ్ మీవి కావు.

రొట్టెలబట్టీ
కొత్తపొయ్యి గారూ, చదవడం రానివాళ్లున్నారన్నారు కదా, మా బేకరీలోనూ అంతే. మేం రాతలన్నీ తీసేసి ఫోటోలు పెట్టాం. నెట్‌లోవి కాదు, మా బల్ల, మా చాకు, మా ఫ్రిజ్ ఫోటోలే. ఫ్రిజ్ తలుపు మీద అరల ఫోటో ఉంటుంది, పైన వండినవి, కింద పచ్చివి. ఎర్ర పిడి చాకు పచ్చి మాంసానికి, ఆకుపచ్చది కూరగాయలకి. కొత్తగా వచ్చినవాళ్లు కూడా అరపూటలో పట్టేస్తున్నారు. థర్మామీటర్ అంకెలు చదవలేని ఒకామెకి డిస్‌ప్లేలో రంగు వచ్చేది కొన్నాం, ఇప్పుడు మా అందరికంటే కచ్చితంగా చూసేది ఆవిడే.

ఎవరూ ఎత్తని విషయం ఒకటి, అలర్జీలు. బాక్టీరియాని వేడితో చంపొచ్చు, వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లకి వేరుశనగ ఎంత వేయించినా వేరుశనగే. అదే నూనెలో ముందు వేరుశనగ పిండితో చేసింది వేయించి, తర్వాత వేరేది వేయిస్తే రెండోదాంట్లోకి వచ్చేస్తుంది. పాలు, గుడ్లు, గోధుమ, సోయా, నువ్వులు, చేపలు, ఇవన్నీ ఇలాంటివే. మాకు ఎక్కువ భయం రోజూ చేసే వంటల్లో కాదు. రోజూ వాడే మార్జరినో సాసో దొరక్క, కుర్రాడు ఇంకో బ్రాండు తెచ్చిన రోజు. కొత్తదాంట్లో పాలపొడి ఉండొచ్చు, ఎవరూ లేబుల్ తిప్పి చూడరు. అందుకే మా దగ్గర బ్రాండు మారితే నాకు చూపించకుండా ప్యాకెట్ విప్పడం లేదు. ఆఫీసులకి భోజనం పంపేవారు కాబట్టి మీరూ ఇది పెట్టుకోండి. "ఇందులో గింజలున్నాయా?" అని ఎవరైనా ఫోన్ చేస్తే, మీ డెలివరీ అబ్బాయి "లేవనుకుంటా" అని చెప్పకూడదు. "కనుక్కుని చెబుతాను" అనడం నేర్పండి.

లెక్కలపుస్తకం
అందరూ చెప్పింది శ్రద్ధగా చదివాను. ల్యాబ్ లెక్క నాకు కొత్త, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక ప్రశ్న. ఇవన్నీ చెయ్యడానికి మనుషులేరి? బ్లాస్ట్ చిల్లర్ (వేడి పదార్థాన్ని వేగంగా చల్లార్చే మెషీను) కొనేంత డబ్బు నా దగ్గర లేదు, కొత్తపొయ్యి గారి దగ్గరా ఉండకపోవచ్చు. ప్రతి గంటకీ రాస్తూ కూర్చుంటే వండేదెవరు?

చల్లనిగది
బ్లాస్ట్ చిల్లర్ ఉంటే మంచిదే, లేకపోతే పని ఆగదు. వెడల్పాటి ట్రేల్లో 5 సెంటీమీటర్ల లోతుకు మించకుండా పొయ్యండి. మూత బిగించకండి, ఆవిరి పోనివ్వండి, పైనుంచి ఏమీ పడని చోట పెట్టండి. పులుసులు, సాసులు అయితే గిన్నెని ఐస్ నీళ్ల తొట్టిలో దించి కలుపుతూ ఉండండి, కలపడమే సగం పని. కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్లు తీసుకుంటుంది కాబట్టి నేను చెప్పిన 40 కిలోల గిన్నెకి 28 కిలోల దాకా ఐస్ కావాలి. గుప్పెడు ముక్కలు వేసి ఐస్ పెట్టామనుకోకండి. వంటకంలో ఎలాగూ నీళ్లు పొయ్యాల్సి ఉంటే, కొంచెం చిక్కగా వండి చివర్లో ఆ నీళ్లని తాగే నీటితో చేసిన ఐస్‌గా వెయ్యొచ్చు. 20 డిగ్రీలకి దిగాకే ఫ్రిజ్‌లోకి.

ఫ్రిజ్‌లో ట్రేల మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదలండి, వెనక ఫ్యానుకి ఏదీ ఆనించకండి. కండెన్సర్ మీద పేరుకున్న నూనె దుమ్ము తీయించండి. ఈ ఒక్క దుమ్ము వల్లే ఎన్ని వంటశాలల్లో ఫ్రిజ్ 9 డిగ్రీల దగ్గర నిలబడిపోతుందో!

పాతఆడిటర్
రాతల సంగతి నాకొదిలెయ్యండి. గంటకోసారి రాయమని ఎవరూ అనలేదు. కోడెక్స్ (ఐక్యరాజ్యసమితి సంస్థల అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం) ఆహార పరిశుభ్రతా సూత్రాలు 1969 నుంచి ఉన్నాయి, 2020లో వాటిని బాగా సవరించారు. చిన్న వ్యాపారాల్లో మంచి పరిశుభ్రతా పద్ధతులే చాలా ప్రమాదాలకి సరిపోవచ్చని, వాటిలో కొన్నిటికి మాత్రం ఎక్కువ శ్రద్ధ కావాలని అందులోనే ఉంది. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ చిన్న వంటశాలలకిచ్చే డైరీ పద్ధతి ఇంకా తేలిక. పొద్దున తెరిచేటప్పుడు చూడాల్సినవి, రాత్రి మూసేటప్పుడు చూడాల్సినవి చూసి సంతకం చేస్తారు. వివరంగా రాసేది ఏదైనా తేడా జరిగిన రోజున, ఏం జరిగింది, ఏం చేశారు అని. 

కొత్తపొయ్యి గారి ప్లాన్ ఇలా ఉండొచ్చు. మొదటి పేజీలో సరుకు రావడం దగ్గర్నుంచి డబ్బా ఆఫీసు చేరేదాకా ఒక గీత గియ్యండి, మీ వంటశాలలో నిజంగా జరిగే వరుసలో. దానిమీద ఒక్కో చోట ఆగి "ఇక్కడ ఏం తప్పొచ్చు?" అని పనివాళ్లతో కూర్చుని అడగండి. మీకు తట్టనివి వాళ్లకు తడతాయి. నా అంచనాలో మీ దగ్గర గట్టిగా కొలవాల్సినవి నాలుగే తేలతాయి. వండేటప్పుడు లోపలి వేడి, చల్లార్చడం, మళ్లీ వేడిచెయ్యడం, డబ్బా చేరేదాకా 60 డిగ్రీల పైన ఉంచడం. రెండో పేజీలో ఈ నాలుగింటికీ హద్దు ఎంత, ఎవరు కొలుస్తారు, ఎప్పుడు, దాటితే ఏం చేస్తారు. ఆ ఆఖరిది మాత్రం ముందే తేల్చి రాయండి. రాత్రి పదింటికి అలసిపోయిన మనిషి గిన్నె ముందు నిలబడి "పారెయ్యాలా, వద్దా?" అని ఆలోచించే పరిస్థితి రానివ్వొద్దు. "2 గంటలకీ 21కి దిగకపోతే పారెయ్యాలి, ఎవర్నీ అడగక్కర్లేదు" అని కాగితం మీదే ఉండాలి. పారేసినందుకు తిట్లు పడకూడదు. ఒక్కసారి తిడితే ఇక ఏ రోజూ తేడా కనిపించదు, మళ్లీ 4, 4, 4 అని రాసిన కాగితాలొస్తాయి.

దీనికి తోడు, సరుకు ఎవరి దగ్గర, ఏ తేదీన, ఏ బ్యాచ్ కొన్నారో, ఏ రోజు ఏ వంటలో వాడారో, అది ఎవరికి పంపారో దొరికేలా పెట్టుకోండి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాసి ఫోన్‌తో ఫోటో తీసినా చాలు. ఒక మధ్యాహ్నం పరీక్ష పెట్టుకోండి. ఏదో ఒక మసాలా ప్యాకెట్ తీసి, ఇది చెడ్డదని కబురొచ్చింది అనుకుని, అది చేరిన ఆఫీసుల పేర్లన్నీ రెండు గంటల్లో రాయగలరేమో చూడండి. రాయగలిగితే ఆ కాగితాన్నే ప్లాన్‌కి జతచెయ్యండి, కొనేవాళ్లకి దానికంటే మంచి రుజువు ఉండదు.

రొట్టెలబట్టీ
శుభ్రం చెయ్యడం గురించి చిన్న మాట. ముందు సబ్బుతో కడగాలి, కడిగి నీళ్లు పోసి, ఆ తర్వాతే క్లోరిన్. జిడ్డు మీద క్లోరిన్ పోస్తే జిడ్డే దాన్ని తినేస్తుంది. బల్లలకి 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100 భాగాల క్లోరిన్) కావాలంటే, 5 శాతం ద్రావణమైతే లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు. సిరంజితో కొలవండి, మూతతో వద్దు. ఆ ద్రావణం ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. యాసిడ్ బాత్రూమ్ క్లీనర్‌తోగాని అమోనియా ఉన్నదానితోగాని పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది. మా దగ్గర ఆ రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టనివ్వం.

లెక్కలపుస్తకం
నేను చేస్తున్నది ఒకటి చెబుతాను, పనికొస్తుందేమో. వాంతులు, విరేచనాలు అయిన మనిషిని తగ్గాక కూడా 48 గంటలు వంట దగ్గరికి రానివ్వకూడదు కదా. నోటీసు అంటిస్తే ఎవరూ చెప్పరు, రోజు కూలీ పోతుందని భయం, కడుపు పట్టుకుని పనికొస్తారు. ఆ రోజులకి నేను కూలీ ఇస్తాను. మొదట్లో దొంగ సెలవులు పెడతారేమో అనుకున్నాను, అలా జరగలేదు. ఇప్పుడు వాళ్లే ఫోన్ చేసి చెబుతున్నారు. ఖర్చంటే భయపడేవాణ్ణే, కానీ ఈ ఖర్చు నాకు భారం అనిపించలేదు.

సూక్ష్మదర్శిని
లెక్కలపుస్తకం గారూ, ఈ దారం మొత్తంలో ఇది నాకు బాగా నచ్చిన పోస్టు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ విషయంలో ఆల్కహాల్ శానిటైజర్ల మీద అంతగా ఆధారపడలేం. కొద్దిపాటి వైరస్ కణాలే జబ్బు తేగలవు. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, జబ్బు మనిషి ఇంట్లో ఉండటం, ఇవే పనిచేస్తాయి. కూలీ ఇస్తే తప్ప రెండోది జరగదు.

కొత్తపొయ్యి
అందరికీ కృతజ్ఞతలు. చెప్పుకుంటూ పోతే చాలా ఉంది, ముందు కొలిచింది చెబుతాను.

ప్రోబ్ థర్మామీటర్ (పదార్థం లోపలికి గుచ్చి వేడి చూసేది) కొన్నాం. ఒకే వంటకాన్ని రెండు భాగాలు చేసి, సగం మామూలుగా పెద్ద గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టాం, సగం ట్రేల్లో 5 సెంటీమీటర్ల లోతున పోసి, ఫ్యాను కింద పెట్టి, తర్వాత అదే ఫ్రిజ్‌లో పెట్టాం. రాత్రి 8కి రెండూ 60 డిగ్రీల దగ్గరున్నాయి. 10 గంటలకి ట్రేల్లో మధ్యన 19. గిన్నెలో అంచున 38, గరిటెతో కదపకుండా నడిమధ్యకి దించితే 51. తెల్లవారి 5కి ట్రేలు 4. గిన్నె నడిమధ్య ఇంకా 17! మా వంటమనిషి ఆ ప్రోబ్ తీసి తుడిచి మళ్లీ దించింది, థర్మామీటరే పాడైందనుకుని. మళ్లీ 17. గిన్నెలోది ఎవరికీ పంపలేదు. అప్పటిదాకా ట్రేలు కడగడం దండగ పని అంటున్నది ఆవిడే, ఇప్పుడు ఇంకో ఆరు ట్రేలు కావాలని అడుగుతోంది.

ఆ అంకెల కాగితం, మేమందరం కూర్చుని గీసిన ఒక పేజీ బొమ్మ, నాలుగు హద్దులు, దాటితే ఏం చెయ్యాలి, ఇవన్నీ కలిపి ప్లాన్ తయారైంది. అన్నం మాత్రం ముందు రోజు వండడం మానేశాం, ఏ రోజుది ఆ రోజే. కొనేవాళ్లకి పంపించాను, వచ్చి చూస్తామన్నారు.

ఒక సందేహం మిగిలింది. ఈ థర్మామీటర్ సరిగ్గా చూపిస్తోందని వాళ్లడిగితే ఏం చూపించాలి? ప్రతిసారీ ల్యాబ్‌కి పంపాలా?

పాతఆడిటర్
ఏడాదికోసారి సర్టిఫికెట్ ఉన్న థర్మామీటర్‌తో పోల్చి చూపించగలిగితే మంచిది. మధ్యలో మీరే చూసుకోవచ్చు. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐస్ వేసి, ఖాళీల్లో నీళ్లు నిండేదాకా పోసి, కలిపి 3, 4 నిమిషాలు ఆగండి. ప్రోబ్ అడుగుకీ గోడకీ తగలకుండా మధ్యలో ఉంచితే 0 చూపించాలి, 1 డిగ్రీ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. తేదీ వేసి ఎంత చూపించిందో రాసుకోండి. వారానికోసారి, కింద పడినప్పుడల్లా కూడా.

చల్లనిగది
మరిగే నీళ్లలో 100 కూడా చూడొచ్చు, కానీ మీ చోటు ఎత్తులో ఉంటే 100 రాదు. సముద్రమట్టానికి 300 మీటర్లు పైకెళ్తే మరిగే వేడి సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. థర్మామీటర్ తప్పు చూపిస్తోందని పారెయ్యకుండా, ముందు మీ ఊరు ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి. ఐస్ పద్ధతికి ఆ గొడవ లేదు.